పేలని ఫిరంగి: రాయలసీమ కోటల తోపులు, వాటిని ఖాళీ చేసే పద్ధతి

మూతి నుంచి మందు, గుండు దట్టించి వెనక కన్నం దగ్గర నిప్పంటించే పాతకాలపు ఫిరంగి ఒక్కోసారి పేలదు. ఆ కన్నంలో పోసిన రంజకం మందు భగ్గుమంటుంది, పొగ లేస్తుంది, గొట్టం మాత్రం ఉలకదు, పలకదు. లోపలి మందు తడిసి చచ్చిపోయిందో, మూలన ఎక్కడో రగులుతోందో, మరు క్షణంలో పేలబోతోందో బయట నిలబడినవాడికి తెలిసే దారి లేదు. పేలిన ఫిరంగి దగ్గర ఏం జరిగిందో అందరికీ తెలుసు. పేలని ఫిరంగి దగ్గర ఎవరికీ తెలియదు, ప్రమాదమంతా అక్కడే ఉంది. దాన్ని ప్రాణహాని లేకుండా ఖాళీ చేసే పద్ధతి కొన్ని వందల ఏళ్ళ అనుభవం మీద, కొన్ని చేతులూ ప్రాణాలూ పోయాక, కుదురుకుంది. ముందు ఆగాలి, తరవాత తడపాలి. పద్ధతి అంతా ఈ రెండు పనుల చుట్టూనే తిరుగుతుంది.

ఇలాంటి ఫిరంగులు రాయలసీమకు కొత్త కావు. ఇక్కడి రాయచోటికి వీరభద్రస్వామి ఆలయం వల్ల పేరు వచ్చింది గానీ కోట వల్ల కాదు. అయితే ఊరికి ఏ దిక్కున బయలుదేరినా ఫిరంగులు మోగిన కోట ఒకటి తగులుతుంది. మదనపల్లె దారిలో గుర్రంకొండ, పెన్న ఒడ్డున సిద్ధవటం, జమ్మలమడుగు దగ్గర పెన్న లోయ అంచున గండికోట, ఇంకా పైకి పోతే కర్నూలు, ఆదోని ఉన్నాయి. 17వ శతాబ్దం మధ్య నుంచి 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చేదాకా గోల్కొండ, మొగలు, కడప నవాబులు, మరాఠాలు, హైదర్ అలీ, టిప్పు, నిజాం అందరూ ఈ కోటల కోసం కొట్టుకున్నవాళ్ళే. ఆ యుద్ధాలు ఎవరు గెలిచారో చరిత్ర పుస్తకాలు చెబుతాయి. బురుజు మీద తోపు పేలక మొరాయించినప్పుడు దాన్ని పేల్చే గోలందాజు ఏం చేశాడన్నది మాత్రం ఆ పుస్తకాల్లో దొరకదు.

గండికోటలో పోతపని

ఫిరంగి పేలకపోవడానికి మూలం చాలాసార్లు యుద్ధభూమిలో కాక కొలిమి దగ్గరే ఉంటుంది. అందుకు మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో గండికోటను పెమ్మసాని నాయకుల నుంచి గెలుచుకున్నాడు. రెండేళ్ళ తరవాత, 1652లో, ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే అక్కడికి వచ్చి ఆయన్ని కలిశాడు. అప్పుడు కోటలో క్లోద్ మాయే అనే ఫ్రెంచివాడు ఫిరంగుల పోతపనిలో ఉన్నాడు. మీర్ జుమ్లా అతనికి ఇరవై ఫిరంగులు పురమాయించాడు: 48 పౌన్ల గుండు పట్టేవి పది, 24 పౌన్లవి పది. 48 పౌన్లంటే దాదాపు 22 కిలోల ఇనుప గుండు. రాగి కోసం చుట్టుపక్కల గుళ్ళలోని విగ్రహాలను తెప్పించారు. గండికోట గుడి విగ్రహాలు కొన్ని ఎంత చేసినా కరగలేదని, చివరికి మాయే ఒక్క ఫిరంగిని కూడా నిక్షేపంగా పోయలేకపోయాడని, ఒకటి చీలిందని, ఇంకొకటి అసంపూర్తిగా వచ్చిందని, విసిగిపోయి కొలువే వదిలేశాడని టావెర్నియే రాసుకున్నాడు.

దేవుడి మహిమ అనుకున్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. లోహం వైపు నుంచి చూస్తే ఇంకో వివరణ తోస్తుంది. ఫిరంగి కంచులో రాగి తొమ్మిది పాళ్ళు, తగరం ఒక పాలు అన్నది స్థూలమైన లెక్క. విగ్రహాల లోహంలో ఏది ఎంత ఉందో పోసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. సీసం, తుత్తునాగం ఏ పాళ్ళలో ఉన్నాయో తెలియని లోహాన్ని మూకుమ్మడిగా కరిగించి పెద్ద గొట్టం పోస్తే లోపల బుడగలు, పగుళ్ళు మిగలడం వింత కాదు. ఇదే పోతపని చేయి తిరిగినవాడి చేతిలో ఎలా ఉంటుందో చూడాలంటే గోల్కొండ వెళ్ళాలి. మూసా బురుజు మీది అజ్దహా పైకర్ ఫిరంగిని మహమ్మద్ అలీ అరబ్ ఔరంగజేబు కోసం పోశాడు. తరవాతి కాలంలో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో హైదరాబాదులో ఫిరంగుల కర్మాగారమే పెట్టాడు. ఫతే మైదాన్ పక్కన గన్‌ఫౌండ్రీ పేరు దాని నుంచి వచ్చిందే.

గొట్టం లోపలి బుడగలకూ మన విషయానికీ సంబంధం ఉంది. గొట్టం గోడ నున్నగా ఉంటే ఒక్కసారి తడిగుడ్డ తిప్పితే మసి, నిప్పురవ్వలు వచ్చేస్తాయి. గోడలో గుంటలుంటే కాలిన సంచి ముక్క, రగిలే రవ్వ అక్కడ దాక్కుంటుంది. తడిగుడ్డ దాన్ని దాటిపోతుంది. తేమ, మసి కలిసిన ముద్ద కూడా అక్కడే పేరుకుంటుంది. అలాంటి ఫిరంగి పేలాల్సినప్పుడు పేలదు, పేలకూడనప్పుడు పేలుతుంది. ఇనుప పట్టీలు పేర్చి కడియాలు బిగించి చేసిన దేశవాళీ తోపుల లోపలి గోడలు ఇంకా గరుకుగా ఉండేవి.

చౌడు నేల, వాన కాలం

ఫిరంగి మందు అంటే సూరేకారం, బొగ్గు, గంధకాల మిశ్రమం. అందులో నాలుగింట మూడు వంతులు సూరేకారమే. మంట రగలడానికి కావలసిన ఆమ్లజని అందులోంచే వస్తుంది కాబట్టి గొట్టం మూతి మూసుకుపోయినా మందు ఊపిరాడక ఆరిపోదు. అందుకే మూతికి మట్టి కొట్టి ఫిరంగిని ఆర్పడం అన్నది ఉండదు.

రాయలసీమ చౌడు నేలల్లో మట్టిని కడిగి, కాచి, సూరేకారం తీయడం పాతకాలపు వృత్తి. అదే మట్టి నుంచి ఉప్పూ వచ్చేది. చిక్కంతా ఇక్కడే ఉంది. శుద్ధమైన సూరేకారం గాలిలో తేమను అంత తేలిగ్గా పట్టుకోదు. గాలిలో తేమ తొంభై శాతం దాటితే గానీ చెమ్మగిల్లదు. మామూలు ఉప్పు డెబ్బై అయిదు శాతానికే తడి అవుతుంది. రెండూ కలిసివుంటే అంతకంటే ముందే చెమ్మ మొదలవుతుంది. సరిగా శుద్ధి చేయని దేశవాళీ మందు ఎండాకాలంలో బ్రహ్మాండంగా పేలి, వానల్లో తుస్సుమనడానికి ఇంతకు మించిన రహస్యం అక్కర్లేదు. కడప సీమను అందరూ ఎండకు పెట్టింది పేరు అంటారు గానీ అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టిందంటే ఇక్కడ మూడు రోజులు బట్టలు ఆరవు.

1791లో గుర్రంకొండ ముట్టడి జరిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. హైదర్ అలీ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ ఒకప్పుడు ఏలిన కోట అది, అప్పటికి టిప్పు ఆధీనంలో ఉంది. మూడో మైసూరు యుద్ధంలో కంపెనీతో చేయి కలిపిన నిజాం సైన్యం సెప్టెంబరులో చుట్టుముట్టింది. వారాలు గడిచినా నిజాం ఫిరంగులతో గోడ కదల్లేదు. ఆఖరికి ముట్టడి పనిని కంపెనీ అధికారి కెప్టెన్ రీడ్‌కు అప్పగించాక నవంబరులో కింది కోట పడింది. కొండ మీది కోట అప్పటికీ లొంగలేదు. గండికోట కూడా అదే ఏడాది కంపెనీ పక్షం చేతికి వచ్చింది.

ఎందుకు పేలదు

ఫిరంగి పేల్చే క్రమం తెలిస్తే పేలకపోవడం తెలుస్తుంది. మొదట తడిగుడ్డ చుట్టిన కర్రతో గొట్టం తుడుస్తారు. తరవాత మందు సంచి మూతిలో పెట్టి గజం అనే పొడవాటి కర్రతో అడుగుదాకా దట్టిస్తారు. దాని మీద గుండు, అవసరమైతే పీచు గానీ గుడ్డ గానీ పెట్టి బిగిస్తారు. ఇదంతా జరుగుతున్నంతసేపూ వెనక ఒకడు తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో రంజకపు కన్నం మూసివుంచుతాడు. గజం లోపలికి పోతున్నప్పుడు గాలి ఆ కన్నంలోంచి తన్నుకొస్తే లోపల దాగిన రవ్వ రాజుకుంటుంది కాబట్టి ఈ జాగ్రత్త. చివర కన్నంలోంచి సన్నని సూది పోనిచ్చి సంచికి తూటు పొడుస్తారు, రంజకం పోస్తారు, జామగి వత్తి తాకిస్తారు. 19వ శతాబ్దం నడిమికి వత్తి పోయి, లాగితే రాపిడితో మండే గొట్టాలు వచ్చాయి.

ఈ వరసలో ఏది తప్పినా తోపు మొరాయిస్తుంది. సూది సంచిలోకి దిగకపోతే రంజకం పైపైన కాలి ఊరుకుంటుంది. దట్టించడంలో సంచి మధ్యలో ఎక్కడో ఇరుక్కుని అడుగుకు చేరకపోతే కన్నం కింద ఖాళీ ఉంటుంది, నిప్పు చేరడానికి మందే ఉండదు. కన్నం మసితో మూసుకుపోవచ్చు. రంజకం గాలికి కొట్టుకుపోవచ్చు, మంచుకు చెమ్మగిల్లవచ్చు. కంగారులో మందు కంటే ముందు గుండు వేసినవాళ్ళూ ఉన్నారు. వీటన్నింటిలో దొంగది ఇంకొకటి: నిప్పు లోపలికి చేరుతుంది, కానీ తడిసిన మందులో నెమ్మదిగా పాకుతూ ఉంటుంది. అందరూ పేలలేదని దగ్గరికి వచ్చాక అప్పుడు పేలుతుంది. దీపావళినాడు తుస్సుమన్న టపాకాయ మీదికి వంగి చూసే పిల్లవాణ్ణి ఏ ఇంట్లో పెద్దవాళ్ళు వెనక్కి లాగలేదు? అక్కడ గుప్పెడు మందు, ఇక్కడ కిలోల లెక్కన మందూ దాని ముందు ఇనుప గుండూ.

ఆగడం

పేలలేదని తెలియగానే చేయవలసిన మొదటి పని ఏమీ చేయకపోవడం. చెప్పినంత తేలిక కాదిది. ముందుకు పోవద్దు, మూతిలోకి తొంగి చూడొద్దు, గొట్టం దిశ మార్చొద్దు. మూతి ఏ వైపు ఉందో ఆ వైపు ఎవరినీ పోనివ్వకూడదు. వెనక కూడా నిలబడకూడదు, పేలితే చక్రాల మీద తోపు వెనక్కి ఉరుకుతుంది. రంజకపు కన్నం నుంచి మంట నిలువునా పైకి చిమ్ముతుంది కాబట్టి దాని మీదికి వంగకూడదు. మిగిలింది పక్కలు. అక్కడ కూడా చక్రానికి అవతల దూరంగా నిలబడాలి.

ఎంతసేపు ఆగాలి? ప్రపంచమంతటా ఒకే లెక్క లేదు. పాతకాలపు ఫిరంగులను నేటికీ ఉత్సవాల్లో పేల్చే సంఘాలు, సైనిక దళాలు కొన్ని నిమిషాలు మొదలు అరగంట దాకా తమ తమ నియమాలు పెట్టుకున్నాయి. యుద్ధంలో ఆగే వీలు ఉండేది కాదు. ఎదురుగా గుర్రపుదళం దూసుకొస్తుంటే వెంటనే సూది పొడిచి, మళ్ళీ రంజకం పోసి, మళ్ళీ నిప్పు పెట్టేవాళ్ళు. యుద్ధకాలపు ఆ తొందరను శాంతికాలంలో అనుకరించేవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటారని నాకు అనిపిస్తుంది. ఉత్సవంలో జనం ఎదురుచూస్తున్నారన్నది ముట్టడి లాంటి అవసరమేమీ కాదు.

ఆగవలసిన సమయం అయిపోయాక ఒక్కడే, అనుభవం ఉన్నవాడు, పక్క నుంచి వచ్చి కన్నం శుభ్రం చేస్తాడు. సూదితో సంచి తగులుతోందో లేదో చూస్తాడు. కొత్త రంజకం వేసి దూరంగా వెళ్ళి మళ్ళీ నిప్పు పెడతాడు. ఇలా రెండు మూడు ప్రయత్నాల వరకే. ఒక్కో ప్రయత్నం తరవాత మళ్ళీ అంతసేపూ ఆగాలి. అప్పటికీ పేలకపోతే ఆ రోజుకు ఆ తోపు పని అయిపోయినట్టే, ఇక దాన్ని పేల్చే ఆలోచన మానుకుని చంపే పని మొదలుపెట్టాలి.

తడపడం

సూరేకారం నీళ్ళలో బాగా కరుగుతుంది. మామూలు వేడిమిలో వంద మిల్లీలీటర్ల నీళ్ళలో ముప్పై గ్రాములకు పైగా కరుగుతుంది. అది కరిగిపోతే మిగిలేది బొగ్గు, గంధకం. వాటంతట అవి పేలవు. కాబట్టి పేలని ఫిరంగికి నీళ్ళు తాగించడం అంటే లోపలి మందును బురద చేయడమే కాదు, దాని ప్రాణాన్ని కరిగించి బయటికి తేవడం.

నీళ్ళు ముందు రంజకపు కన్నంలోంచి పోస్తారు. పొడవాటి ముక్కు ఉన్న పాత్రతో, పక్క నుంచి, చేయి తప్ప ఒళ్ళు ముందుకు రాకుండా. కన్నం నుంచి దిగిన నీళ్ళు నేరుగా మందు దగ్గరికి చేరతాయి. తోపును కదపకుండా మూతి కొద్దిగా పైకి లేచి ఉంటే మూతి వైపు నుంచి కూడా నీళ్ళు పోయవచ్చు. అప్పుడు నీళ్ళు వెళ్ళి అడుగున నిలుస్తాయి. ఒకసారి పోసి ఊరుకోకూడదు. బిగించి దట్టించిన మందు మధ్యలో పొడిగా మిగలొచ్చు, అందుకే నానబెట్టాలి. గుండూ మందూ గట్టిగా ఉన్న తోపును గంటల తరబడి, అనుమానముంటే రాత్రంతా నానబెట్టడం మేలు. నీళ్ళకు కటకటలాడే ఊళ్ళో నాలుగు బిందెలు ఫిరంగికి పోయడం ఎవరికైనా మనసొప్పదు. ఇక్కడ మాత్రం బిందెల లెక్క చూడకూడదు.

నానిన తరవాత లాగే పని. దానికి పాత గోలందాజుల పనిముట్లు రెండు. ఒకటి పొడవాటి కర్రకు చివర మెలితిరిగిన రెండు ఇనుప కొక్కేలున్నది. దాన్ని తిప్పుతూ పోతే సంచిని, పీచును పట్టుకుని బయటికి లాక్కొస్తుంది. రెండోది రాగి గరిటె. విడి మందును తోడడానికి, గుండు కిందికి దూర్చి దొర్లించడానికి అది వాడేవాళ్ళు. గరిటె రాగిది కావడానికి కారణం ఉంది, ఇనుము ఇనుముకు రాసుకుంటే రవ్వ పుడుతుంది. కర్ర పట్టుకునే తీరుకు కూడా నియమముంది. బొటనవేలు కర్ర చుట్టూ తిప్పి పిడికిలి బిగించకూడదు. వేళ్ళన్నీ ఒకే వైపు ఉంచి వదులుగా పట్టుకోవాలి. ఖర్మకాలి లోపల పేలితే కర్ర చేతిలోంచి ఎగిరిపోతుంది, చేయి మిగులుతుంది. ఒళ్ళు, తల గొట్టం మూతికి ఎదురుగా రాకుండా పక్కన నిలబడి ఒక చేత్తోనే చేయాలి. బొటనవేళ్ళు, ముంజేతులు పోగొట్టుకున్న గోలందాజుల వల్ల ఏర్పడిన నియమమిది.

గుండు అడ్డంగా పట్టుకుని రాకపోతే పాతరోజుల్లో రంజకపు కన్నంలోంచి కొద్దికొద్దిగా మందు పోసి పేల్చి గుండును నెట్టేవాళ్ళు. యుద్ధనౌకల మీద, కోటల మీద అది చెల్లింది. ఇవాళ దాన్ని అనుసరించమని చెప్పడానికి మనసొప్పదు. గొట్టం వేడి చేయడం, కన్నానికి విద్యుత్ డ్రిల్లు పెట్టడం, ఇనుప ఉలితో కొట్టడం, వెల్డింగు మంట చూపడం, గాలి పంపుతో నెట్టడం వంటి పనులు ఫిరంగిని ఖాళీ చేయవు, దాని పక్కనున్న మనిషిని ఖాళీ చేస్తాయి. లోపలి నుంచి తీసిన తడి మందును ఎండబెట్టి మళ్ళీ వాడే తెలివి అంతకంటే చెడ్డది. చివరికి గొట్టమంతా నీళ్ళతో కడిగి, తుడిచి, కన్నంలోంచి పోసిన నీళ్ళు మూతి నుంచి ధారగా బయటికి వచ్చాకే తోపు ఖాళీ అయినట్టు లెక్క.

దట్టించినదాని మీద దట్టిస్తే

పేలలేదన్న సంగతే తెలియకపోతే? 1863లో అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు ముగిశాక మైదానంలో 27,574 తుపాకులు ఏరారు. వాటిలో దాదాపు 24,000 మందుతోనే ఉన్నాయి. వాటిలో సగానికి సగం రెండేసి సార్లు దట్టించినవి. దాదాపు ఆరు వేలు మూడు నుంచి పది సార్లు దట్టించినవి. ఒకదానిలో ఇరవై మూడు తూటాలు వరసగా కూరివున్నాయి. చుట్టూ వేల తుపాకుల మోతలో తనది పేలిందో లేదో సిపాయికి తెలియలేదు, లేదా తెలుసుకునే స్థితిలో లేడు.

పెద్ద ఫిరంగిలో ఇదే జరిగితే ఏమవుతుందో 1879 జనవరి 2న మర్మరా సముద్రంలో తేలింది. బ్రిటిష్ యుద్ధనౌక థండరర్ మీద పన్నెండు అంగుళాల మూతి ఉన్న 38 టన్నుల ఫిరంగి పేలి ముక్కలైంది. పదకొండు మంది చనిపోయారు, ముప్పై మందికి పైగా గాయపడ్డారు. జరిగింది ఇదీ: జంట ఫిరంగులను ఒకేసారి పేల్చారు, వాటిలో ఒకటి పేలలేదు. రెండో దాని మోతలో, పొగలో అది ఎవరికీ తెలియలేదు. దట్టించే పని మనుషుల చేతులకు బదులు నీటి ఒత్తిడితో నడిచే యంత్రం చేస్తోంది. గజం ఎంత లోపలికి పోయిందన్నది చేతికి తెలియాలి, యంత్రానికి తెలియదు. పాత మందు మీదే కొత్త మందు, పాత గుండు మీదే కొత్త గుండు పడ్డాయి. విచారణ సంఘం జత ఫిరంగిని ఇంగ్లండులోని వూలిచ్‌కు తెచ్చి, కావాలనే రెండుసార్లు దట్టించి పేల్చి చూస్తే అది కూడా అలాగే పగిలింది. బ్రిటిష్ నౌకాదళం మూతి నుంచి దట్టించే ఫిరంగులకు స్వస్తి చెప్పడానికి తొందరపెట్టిన ప్రమాదం ఇదే. వెనక తలుపు తెరిచి చూసే ఫిరంగిలో మందు ఉందో లేదో కంటికే కనబడుతుంది. మూతి ఫిరంగికి ఆ సుఖం లేదు. అందుకే పాత తోపుల గజాలకు గీతలు గీసేవాళ్ళు, ఖాళీ గొట్టంలో గజం ఎంతవరకు దిగుతుందో, మందు ఉంటే ఎక్కడ ఆగుతుందో తెలియడానికి.

కోటల్లో, కొట్టాల్లో మిగిలినవి

ఆ గీతల కొలతే పాత తోపులను పరీక్షించడానికి ఇవాళ్టికీ మొదటి ఉపాయం. పక్కన నిలబడి సన్నని వెదురు కర్రను నెమ్మదిగా మూతిలోకి పోనిచ్చి, ఆగిన చోట గుర్తు పెట్టి, ఆ పొడవును గొట్టం బయట కొలిచి చూస్తే చాలు. కర్ర రంజకపు కన్నం దాకా చేరితే లోపల ఏమీ లేకపోవచ్చు. జానెడు ముందే ఆగితే లోపల ఏదో ఉంది. రాళ్ళు, మట్టి, కందిరీగల గూడు కావచ్చు. గుండూ మందూ కూడా కావచ్చు. కర్రతో పొడవడం, గట్టిగా నెట్టడం చేయకూడదు, తాకి ఆగిపోవాలి. అనుమానం ఉన్న తోపుకు ఎక్స్‌రే తీస్తారు.

వందల ఏళ్ళ నాటి మందు పనికిరాకుండా పోయి ఉంటుందనుకోవడం పొరపాటు. 2013 జనవరిలో న్యూయార్కు సెంట్రల్ పార్కులో ఒకప్పుడు ప్రదర్శనలో ఉంచిన ఒక బ్రిటిష్ ఫిరంగికి తుప్పు వదిలిస్తున్న పనివాళ్ళకు లోపల గుండు, అడ్డు గుడ్డ, దాదాపు 800 గ్రాముల మందు దొరికాయి. ఆ ఫిరంగి 1780లో మునిగిన హెచ్‌ఎంఎస్ హుస్సార్ అనే ఓడలోది. రెండు శతాబ్దాలకు పైగా నిండుగా ఉన్నా, అందులో చాలా ఏళ్ళు జనం మధ్యే ఉన్నా, ఎవరికీ తెలియలేదు. సూరేకారం చెడిపోయే పదార్థం కాదు. తేమ ఆరితే మందు మళ్ళీ పేలగలదు. మన ఎండలు ఆరబెట్టడంలో ఎవరికీ తీసిపోవు.

మనవైపు ఫిరంగులకు కొదవ లేదు. 1839 అక్టోబరులో కంపెనీ సైన్యం కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో చొరబడినప్పుడు తోటల్లో, అంతఃపురం ఆవరణలో, గోదాముల్లో వందల కొద్దీ ఫిరంగులు, గుట్టలుగా గుండ్లు, మందు బయటపడ్డాయి. దత్తమండలాల్లో అంతకు ముందే, 1800 తరవాత, కంపెనీ కలెక్టరు థామస్ మన్రో పాలెగాళ్ళ కోటలను నిరాయుధం చేశాడు. పట్టుబడ్డ తోపుల కన్నంలో ఇనుప మేకు దిగ్గొట్టి పనికిరాకుండా చేయడం ఆ కాలపు సైన్యాలన్నింటికీ అలవాటు. మేకు కొట్టిన ఫిరంగి పేలదు గానీ ఖాళీ అయినట్టు కాదు. కన్నం మూసుకుపోయాక లోపలి మందును తడపడం ఇంకా కష్టం. నీళ్ళు మూతి నుంచే పోయాలి, గుండు అడ్డం ఉంటుంది.

గండికోట, సిద్ధవటం వంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. పొలం దున్నుతుంటే, బావి తవ్వుతుంటే, పాత ఇల్లు కూలగొడుతుంటే తోపు గానీ ఇనుప గుండు గానీ బయటపడితే దాన్ని కదిలించకుండా, సుత్తితో కొట్టి చూడకుండా తహసీల్దారుకు, పోలీసులకు చెప్పాలి. పోలీసు శాఖలో బాంబు నిర్వీర్య దళాలు ఉన్నాయి, ఈ పని వాళ్ళది. నూరేళ్ళు దాటిన వస్తువుకు 1972 నాటి పురావస్తువుల చట్టం, భూమిలో దొరికిన దానికి 1878 నాటి నిక్షేపాల చట్టం వర్తిస్తాయి. లోపల మందు దొరికితే 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కూడా. పాత ఇనుప గుండ్లలో కొన్ని ముద్దగుండ్లు కాదు, లోపల మందు నింపిన బోలు గుండ్లు. వాటిని నీళ్ళలో ముంచి ఊరుకుంటే ఖాళీ కావు. వాటి జోలికి నిపుణులు తప్ప ఎవరూ పోకూడదు.

ఇంకా పేలుతున్నవి

మూతి ఫిరంగి అంతా మ్యూజియం సరుకే అనుకోనక్కర్లేదు. పొరుగున మైసూరులో దసరా నాడు పాత ఫిరంగులు ఏడు, ఒక్కొక్కటి మూడేసి సార్లు, మొత్తం ఇరవై ఒక్క మోతలు మోగిస్తాయి. జాతీయ గీతం పాడుతుండగానే అది పూర్తి కావాలి. అంటే తుడవడం, దట్టించడం, నిప్పు పెట్టడం క్షణాల లెక్కలో జరుగుతాయి. ఏనుగులు, గుర్రాలు మోతకు బెదరకుండా వారాల ముందు నుంచి సాధన చేయిస్తారు. గుండు ఉండదు, మందు మాత్రమే. గుండు లేకపోతే ప్రమాదం లేదనుకునేవాళ్ళకు చెప్పవలసింది ఒకటుంది: వట్టి మందు దట్టింపుల్లో కూడా చేతులు పోయాయి. నిప్పురవ్వ ఆరకుండానే తరవాతి సంచి లోపలికి పోవడం దానికి కారణం.

రాయచోటి చుట్టూ ఉన్న అడవి పల్లెల్లో మూతి నుంచి దట్టించే నాటు తుపాకులు ఇప్పటికీ పోలీసుల దాడుల్లో దొరుకుతుంటాయి. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికని కొందరు, వేటకని కొందరు ఉంచుకుంటారు. లైసెన్సు లేకుండా ఉంచుకోవడం ఆయుధ చట్టం కింద నేరం. నాటు తుపాకికి పెద్ద ఫిరంగి నియమాలన్నీ వర్తిస్తాయి, ఒక్క తేడాతో: పేలకపోతే మనిషి దాన్ని చేతిలో పట్టుకునే ఉంటాడు, మూతి ఎటు తిరిగితే అటు ప్రమాదం తిరుగుతుంది. దట్టించినదాన్ని మూలన నిలబెట్టి మరిచిపోవడం, మర్నాడు మళ్ళీ దట్టించడం ఇక్కడి ప్రమాదాలకు పాత కారణాలు.

అసలు పేలని మందుతో రోజూ వ్యవహరించేవాళ్ళు ఈ ప్రాంతంలో ఇంకెవరో కాదు, గనుల్లో పేలుళ్ళు జరిపేవాళ్ళు. ఓబులవారిపల్లె మండలం మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. ఇక్కడి సున్నపురాయి, నాపరాయి క్వారీలకు లెక్క లేదు. గనుల్లో రంధ్రాలు తొలిచి పేలుడు పదార్థం పెట్టి పేల్చినప్పుడు ఒక్కోసారి ఒకటి రెండు పేలకుండా మిగులుతాయి. 1961 నాటి లోహ గనుల నిబంధనలు వీటి గురించి చెప్పినవి చదివితే పాత గోలందాజుల పద్ధతి గుర్తుకు రాక మానదు. ఆ చోటికి ఎవరూ పోకుండా కంచె వేయాలి. నిర్ణీత సమయం ఆగాలి. పేలని రంధ్రాన్ని మళ్ళీ తొలవకూడదు. దాని పక్కన కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో, దాన్ని తాకకుండా, ఇంకో రంధ్రం తొలిచి పేల్చి దాన్ని తీయాలి. పేలని రంధ్రం ఒకటి దొరక్కుండా మిగిలిపోతే, పేలుళ్ళు జరిపినవాడు గని వదిలి వెళ్ళేముందు ఆ సంగతి తరవాతి షిఫ్టులో ఆ పని చూసే అతనికి చెప్పి మరీ వెళ్ళాలి.